బాబీ ఆర్

బాబీ ఆర్ (జననం 1948 మార్చి 20): కెనడాకు చెందిన ఐస్ హాకీ డిఫెన్స్‌మన్. ఒంటారియో రాష్ట్రంలోని పారీ సౌండ్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే ఓషావా జనరల్స్ జూనియర్ జట్టులో చేరి, 1966లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున నేషనల్ హాకీ లీగ్‌లో అడుగుపెట్టాడు.

అప్పటిదాకా డిఫెన్స్‌మన్ అంటే ఎక్కువగా తన గోల్ ముందు కాపలా కాసేవాడే. ఆర్ పక్‌ను (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) తన వైపు నుంచే తీసుకుని, ప్రత్యర్థులను తప్పించుకుంటూ అవతలి గోల్ దాకా దూసుకెళ్లేవాడు. లీగ్‌లో అత్యధిక పాయింట్లకు (గోల్స్, వాటికి అందించిన పాస్‌లు కలిపి) ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీని రెండుసార్లు (1970, 1975) గెలిచిన ఏకైక డిఫెన్స్‌మన్ ఇతడే. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ 1968 నుంచి వరుసగా ఎనిమిదేళ్లు ఇతని దగ్గరే ఉంది. 1970–71లో చేసిన 139 పాయింట్లు డిఫెన్స్‌మన్‌లలో నేటికీ రికార్డే.

1970 మే 10న సెయింట్ లూయిస్ బ్లూస్‌తో లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్స్ నాలుగో మ్యాచ్. అదనపు సమయం మొదలైన 40వ సెకనులో, సహచరుడు డెరెక్ శాండర్సన్ అందించిన పక్‌ను ఆర్ గోల్‌లోకి కొట్టాడు. అదే క్షణంలో ప్రత్యర్థి నోయెల్ పికార్డ్ ఆర్ కాలు తట్టడంతో గాలిలోకి లేచాడు. చేతులు చాచి నేలకు సమాంతరంగా తేలుతున్న ఆ ఫోటోను హాకీ తెలియనివాళ్లూ చూసే ఉంటారు. బోస్టన్‌కు స్టాన్లీ కప్ దక్కింది, 1972లో మరోసారి.

ఎడమ మోకాలికి పదేపదే శస్త్రచికిత్సలు జరిగాయి. 1976లో షికాగో జట్టుకు మారినా అక్కడ ఆడింది 26 మ్యాచ్‌లే. ముప్పయ్యేళ్లకే, 1978లో, ఆట మానాల్సి వచ్చింది. మామూలు నిరీక్షణ గడువును సడలించి 1979లోనే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.