మంత్రిగారిని అడిగేదెవరు? బ్రిటన్ పార్లమెంటులో ప్రశ్న నడిచే దారి

బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు బ్రిటన్ పార్లమెంటులో జరిగే గోల మనలో చాలామందికి తెలిసిందే. ఒకవైపు ప్రధాని, ఎదురుగా ప్రతిపక్ష నేత, వెనక బెంచీల నుంచి కేకలు, మధ్యలో "ఆర్డర్, ఆర్డర్" అంటూ స్పీకర్. సాయంత్రానికల్లా ఆ వీడియో ముక్కలు మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తాయి. "దీనికంటే మన అసెంబ్లీయే నయం" అని ఒకరంటే, "ఎక్కడైనా రాజకీయం రాజకీయమే" అని ఇంకొకరు. అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది.

ఆ అరగంట చూసి ఇక్కడి ప్రశ్నల పద్ధతి అంతా ఇంతే అనుకుంటే నష్టం మనకే. పిల్లల పళ్ల డాక్టరు, వీసా ఫీజు, బడిలో సీటు లాంటి వాటి మీద మంత్రుల చేత లెక్కలు చెప్పించేవి చాలావరకు ఏ టీవీ చూపించని మామూలు ప్రశ్నలు. నేను ఇంటిపట్టున ఉండే మనిషిని. డిగ్రీలో చదివింది కెమిస్ట్రీ, రాజకీయాలు కాదు. ఇద్దరు పిల్లలతో ఇంగ్లండ్‌లో సంసారం చేస్తూ, ఒక్కో అవసరం కోసం తిరుగుతూ ఈ పద్ధతి తెలుసుకున్నాను. మన కుటుంబాలకు పనికొస్తుందని ఒకచోట పెడుతున్నాను.

ఎక్కడ మొదలైంది

ప్రభుత్వాన్ని సభలో ప్రశ్న అడిగినట్టు నమోదైన మొదటి సందర్భం 1721 నాటిది. సౌత్ సీ కంపెనీ షేర్ల కుంభకోణంలో ఆ కంపెనీ క్యాషియర్ దేశం విడిచి పారిపోయాడు. అతన్ని పట్టుకున్న మాట నిజమేనా అని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కౌపర్ ప్రభువు అడిగితే, ప్రభుత్వం తరఫున సండర్లాండ్ ప్రభువు లేచి జవాబిచ్చాడు. డబ్బు పోగొట్టుకున్న జనం తరఫున ఒకరు అడగడం, అధికారంలో ఉన్నవాడు లేచి చెప్పడం. మూడు వందల ఏళ్లుగా దీని అసలు రూపం ఇదే.

మన దేశానికీ ఈ పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. 1892 కౌన్సిళ్ల చట్టంతో మన శాసన మండళ్లలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు దక్కింది. జవాబు మీద మరో ప్రశ్న, అంటే అనుబంధ ప్రశ్న వేసే అవకాశం 1909లో వచ్చింది.

నోటితో అడిగేవి

హౌస్ ఆఫ్ కామన్స్‌లో సోమవారం నుంచి గురువారం వరకు సభ మొదట్లో సుమారు గంటసేపు నోటి ప్రశ్నలుంటాయి. ఆరోగ్యం, హోం, విద్య ఇలా ఒక్కో శాఖకు వంతు వస్తుంది. పెద్ద శాఖల వంతు సాధారణంగా ఐదు వారాలకోసారి. ఎంపీలు కనీసం మూడు పనిదినాల ముందే ప్రశ్న ఇవ్వాలి. వచ్చినవన్నీ కంప్యూటర్‌తో చీటీలు తీసినట్టు కలిపి వరుస నిర్ణయిస్తారు. సభలో ఎంపీ తన ప్రశ్న చదవడు, నంబరు మాత్రమే చెబుతాడు. మంత్రి రాసి తెచ్చుకున్న జవాబు చదువుతారు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. అదే ఎంపీ వెంటనే ఒక అనుబంధ ప్రశ్న వేయవచ్చు. అది ఏమిటో మంత్రికి ముందుగా తెలియదు. అధికారులు రాసిచ్చిన కాగితం పనిచేయని క్షణం అది. మంత్రికి తన శాఖ తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది.

ప్రధాని ప్రశ్నల సమయం 1961లో స్థిరమైన రూపానికి వచ్చింది. మొదట్లో మంగళ, గురువారాల్లో పావుగంట చొప్పున ఉండేది. 1997లో టోనీ బ్లెయిర్ రెండింటినీ కలిపి బుధవారం అరగంట చేశారు. ప్రతిపక్ష నేతకు ఆరు ప్రశ్నల అవకాశం ఉంటుంది.

రాసి అడిగేవి

నా దృష్టిలో మనకు ఎక్కువ ఉపయోగపడేవి ఇవే. ఎంపీ రాతపూర్వకంగా అడుగుతాడు, మంత్రి రాతపూర్వకంగా జవాబిస్తారు, రెండూ పార్లమెంటు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. మామూలు ప్రశ్నకు ఏడు రోజుల్లో జవాబు రావాలన్నది ఆనవాయితీ. ఫలానా తేదీకి జవాబు కావాలని అడిగే రకం కూడా ఉంది. అలాంటివి ఒక ఎంపీ రోజుకు ఐదు వరకే ఇవ్వగలడు. జవాబులు ఆలస్యం చేసే శాఖల మీద సభలోని ప్రొసీజర్ కమిటీ కన్నేసి ఉంచుతుంది.

అయితే హద్దులున్నాయి. ప్రశ్న ఆ మంత్రి బాధ్యతలోని విషయమై ఉండాలి. సమాచారం అడగాలి, లేదా చర్య తీసుకోమని అడగాలి. సొంత అభిప్రాయాలు దట్టించకూడదు. కోర్టు విచారణలో ఉన్న కేసుల్లోకి వెళ్లకూడదు. జవాబు సమకూర్చడానికి 850 పౌండ్లకు మించి ఖర్చయ్యేట్టుంటే ఆ కారణం చెప్పి శాఖ నిరాకరించవచ్చు.

అత్యవసర ప్రశ్న ఏం చేయగలదు

వంతు వచ్చేదాకా ఆగలేని విషయమైతే, స్పీకర్ అనుమతితో అదే రోజు మంత్రిని సభకు రప్పించే అర్జంట్ ప్రశ్న ఉంది. వలస వచ్చినవాళ్లంగా మనం గుర్తుంచుకోవలసిన ఉదాహరణ 2018 నాటిది.

1973కు ముందు కామన్వెల్త్ దేశాల నుంచి, ముఖ్యంగా కరీబియన్ దీవుల నుంచి చట్టబద్ధంగా వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. చాలామంది చిన్నపిల్లలుగా వచ్చారు, ఇక్కడే చదివి, పనిచేసి, పన్నులు కట్టారు. నిబంధనలు బిగిసేసరికి చూపించడానికి కాగితాలు లేక కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని నిర్బంధించారు, దేశం నుంచి పంపేశారు. దీన్నే విండ్‌రష్ ఉదంతం అంటారు. పత్రికలు నెలల తరబడి రాశాయి. 2018 ఏప్రిల్ 16న డేవిడ్ లామీ అనే ఎంపీ అర్జంట్ ప్రశ్న వేసి, ఎంతమందిని పంపేశారు, ఎంతమందిని నిర్బంధించారు అని అడిగారు. హోం మంత్రి అంబర్ రడ్ క్షమాపణ చెప్పారు. లెక్క మాత్రం ఆ రోజు ఆమె దగ్గర లేదు.

అక్కడితో ఆగలేదు. సభ్యుల కమిటీలు కూడా మంత్రులను పిలిచి కూర్చోబెట్టి అడుగుతాయి. ఏప్రిల్ 25న హోం వ్యవహారాల కమిటీ, ఇంతమందిని పంపెయ్యాలని లక్ష్యాలు పెట్టుకున్నారా అని అడిగితే, అలాంటివి లేవన్నట్టు మంత్రి జవాబిచ్చారు. ఉన్నాయని చూపే పత్రాలు బయటికొచ్చాయి. ఏప్రిల్ 29న ఆమె రాజీనామా చేశారు. సభకు తప్పు సమాచారం ఇవ్వడం ఇక్కడ చిన్న విషయం కాదు. తెలిసి తప్పుదోవ పట్టించిన మంత్రి రాజీనామా ఇవ్వాలన్నది మంత్రుల నియమావళిలోనే ఉంది.

మన లోక్‌సభలో

ఇండియాలో మనవాళ్లు ఎన్నుకున్న ఎంపీలకూ ఇదే ఆయుధం ఉంది. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు ప్రశ్నోత్తరాల సమయం. నక్షత్ర గుర్తు ఉన్నవి రోజుకు 20, వీటికి మంత్రి నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివి 230, వీటికి రాతపూర్వక జవాబు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. 1957లో ఎల్‌ఐసీ సొమ్ము హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎందుకు పెట్టారన్న విషయాన్ని ఫిరోజ్ గాంధీ సభలో పట్టుకుని వదలకపోవడంతో విచారణ జరిగి, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదులుకున్నారు. అడిగింది సొంత పార్టీ సభ్యుడే.

గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులకు ఈ దారి మరీ ముఖ్యం. విదేశాల్లో చనిపోయిన భారతీయ కార్మికులు ఎంతమంది, జైళ్లలో ఉన్నవాళ్లు ఎంతమంది అన్న దేశాలవారీ లెక్కలు చాలాసార్లు బయటికి వచ్చింది ఎంపీల ప్రశ్నలకు విదేశాంగ శాఖ ఇచ్చిన జవాబుల్లోనే. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల్లోని కుటుంబాలు తమ ఎంపీని ఆ ప్రశ్న వేయమని కోరవచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లు అడగొచ్చా

మా వీధి చివర ఉండే ఒక చెల్లెలు నన్ను ఇదే అడిగింది. "అక్కా, మేమింకా వీసా మీదే ఉన్నాం కదా. ఎంపీకి రాస్తే ఏమైనా అనుకుంటారా? రేపు పొడిగింపుకి అడ్డమొస్తుందేమో." ఈ భయం చాలామందిలో ఉంది. ఇంట్లో మగవాళ్లు కూడా "మనకెందుకులే" అనేస్తారు.

ఎంపీ తన నియోజకవర్గంలో నివసించే వారందరికీ ప్రతినిధి. ఓటు ఉందా, పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నది అడ్డు కాదు. చిరునామా, పోస్ట్‌కోడ్ రాస్తే చాలు. ఇంకో మాట, ఇక్కడ నివసించడానికి అనుమతి ఉన్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు కూడా వేయవచ్చు. పేరు నమోదు చేసుకోవాలి, అంతే. మనవాళ్లలో ఇది తెలియని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

పైగా మనం ఊరికే ఉండటం లేదు. 2024 ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. నలుగురున్న ఇంటికి మూడేళ్ల వీసాకు 10,866 పౌండ్లు ముందే కట్టాలి. హెల్త్ అండ్ కేర్ వీసా వారికి మినహాయింపు ఉంది. ఇంత కట్టినవాళ్లు ఆ సేవ ఎలా ఉందని అడగడంలో మొహమాటం దేనికి?

ప్రశ్న ఎలా అడగాలి

ల్యాబ్‌లో మాకు మొదట నేర్పింది, ఒకసారికి ఒక్కదాన్నే కొలవమని. ఇక్కడా అంతే. "సర్‌చార్జి ఇంత అన్యాయంగా ఎందుకు పెంచారు?" అంటే మంత్రి ఒక పేరాగ్రాఫ్ నీతి చెప్పి తప్పుకుంటారు. "గత ఆర్థిక సంవత్సరంలో ఆరోగ్య సర్‌చార్జి ద్వారా ఎంత వసూలైంది, ఇంగ్లండ్‌కు అందులో ఎంత ఇచ్చారు?" అంటే అంకె చెప్పాలి, లేదా ఎందుకు చెప్పలేరో చెప్పాలి.

మా ఊళ్లో పిల్లలను ఎన్‌హెచ్‌ఎస్ కింద చూసే పళ్ల డాక్టరు దొరకలేదు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఆ వైద్యం ఉచితమే, కానీ అడిగిన మూడు చోట్లా కొత్తవాళ్లను చేర్చుకోవడం లేదన్నారు. ఎప్పుడెప్పుడు ఫోన్ చేశానో, ఏమన్నారో తేదీలతో ఎంపీకి రాశాను. చివర్లో, మా ప్రాంతంలో గత ఏడాది ఎంతమంది పిల్లలు ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల డాక్టరును చూడగలిగారో మంత్రిని అడగమని కోరాను. కొన్ని వారాలకు రెండు జవాబులొచ్చాయి. ఒకటి స్థానిక ఆరోగ్య విభాగం నుంచి, పక్క ఊళ్లో ఖాళీ ఉందని. రెండోది మంత్రి జవాబు, అంకెలతో. బాబు పన్ను మొదటి ఉత్తరంతో బాగుపడింది. రెండోది మా బడి దగ్గర తల్లులందరికీ పనికొచ్చింది, ఎందుకంటే ఇబ్బంది మా ఒక్కరిది కాదని ప్రభుత్వ లెక్కే చెబుతోంది.

ఎవరిని అడగాలి

చెత్త, వీధి దీపాలు, బడి సీటు కేటాయింపు లాంటివి మొదట కౌన్సిలర్ దగ్గరికి. వీసా, సర్‌చార్జి, పన్నులు, పాస్‌పోర్టు ఎంపీ దగ్గరికి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆరోగ్యం, విద్య అక్కడి సభల చేతిలో ఉన్నాయి. గ్లాస్గోలోని కుటుంబం ఆసుపత్రి గురించి స్కాటిష్ పార్లమెంటు సభ్యులకు రాయాలి.

సొంత కేసు ఆగిపోయి ఉంటే దాన్ని సభలో ప్రశ్నగా వేయమనకండి, మీ వివరాలు బయట పెట్టాల్సిన పని లేదు. ఎంపీ కార్యాలయం శాఖకు నేరుగా రాసి కనుక్కుంటుంది. దరఖాస్తు నంబరు, తేదీలు, మీ తరఫున మాట్లాడేందుకు మీ అనుమతి జతచేయండి. నిర్ణయం మార్చే అధికారం ఎంపీకి లేదు, కదలిక తేగలరు.

జవాబు వచ్చాక

మంత్రి జవాబును పిల్లల మార్కుల కాగితంలా చదవండి. అడిగిన ఏడాదికే అంకె ఇచ్చారా? మన ప్రాంతం అడిగితే దేశం మొత్తానిది ఇచ్చారా? "ఈ సమాచారం కేంద్రంగా సేకరించడం లేదు" అంటే అదీ ఒక జవాబే, ఎవరూ లెక్కపెట్టడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అప్పుడు తర్వాతి ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం రాయండి: ఎప్పటి నుంచి సేకరిస్తారు?