పశ్చిమ ప్రకాశంలో జీర్ణకోశ కాన్సర్లు: ముందస్తు పరీక్షలు, బృంద వైద్యం

అన్నవాహిక నుంచి మలద్వారం దాకా సాగే జీర్ణమార్గంలోనూ, దానికి తోడుగా పనిచేసే కాలేయం, పిత్తాశయం, క్లోమాల్లోనూ పుట్టే కాన్సర్లన్నిటినీ కలిపి జీర్ణకోశ కాన్సర్లంటారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల రోగికి ఇందులో రెండు సంగతులు ముఖ్యం: జబ్బు ఎంత తొందరగా బయటపడింది, బయటపడ్డాక అతను ఒక్క డాక్టరు చేతిలో పడ్డాడా, వైద్య బృందం చేతిలో పడ్డాడా. మొదటిది ఊళ్లోనే తేలవచ్చు. రెండోదానికి ప్రయాణం తప్పదు.

ఏ లక్షణమూ లేనివారిలో జబ్బును వెతికే పరీక్షను స్క్రీనింగ్ అంటారు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలే జరుగుతాయి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇంటింటి పరీక్షలు కూడా ఈ మూడింటి కోసమే. కడుపు, పేగులు ఈ జాబితాలో లేకపోవడానికి కారణం ఉంది. జపాన్, దక్షిణ కొరియాలలో జీర్ణాశయ కాన్సర్ ఎక్కువ. కొరియాలో 40 దాటినవారికి రెండేళ్లకొకసారి పరీక్ష చేస్తారు. అమెరికాలో పెద్దపేగు పరీక్ష మొదలుపెట్టే వయసును 2021లో 45కు తగ్గించారు. మన దేశంలో ఈ రెండు కాన్సర్లూ ఆ దేశాలతో పోలిస్తే తక్కువ కనుక, వేలమందికి ఎండోస్కోపీ చేసినా దొరికే కేసులు కొద్ది. విధానంగా ఇది సబబే. అయితే శిబిరంలో నోరు చూసి ‘ఏమీ లేదు’ అని పంపిన మనిషికి, తన కడుపు సంగతి ఎవరూ చూడలేదన్నది కూడా చెప్పి పంపాలి.

అందరికీ అక్కర్లేకపోయినా కొందరికి మాత్రం పరీక్ష తప్పనిసరి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో పెద్దపేగు కాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్లకే, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందే కొలనోస్కోపీ చేయించుకోవాలి. లివర్ గట్టిపడినవారికి, హెపటైటిస్-బి ఉండి ముప్పు ఎక్కువని డాక్టరు చెప్పినవారికి ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ అవసరం. ఈ వైరస్‌కు టీకా ఉంది. దేశీయంగా తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది. ఇప్పుడు బిడ్డ పుట్టగానే వేసే టీకాల్లో ఇదొకటి. కాలేయ కాన్సర్‌ను అడ్డుకోవడంలో ఏ స్కానింగూ దీనికి సాటిరాదు.

కారణాల్లో పొగాకుది పెద్దపీట. పొదిలి, కనిగిరిల్లో వేలం కేంద్రాలున్న ఈ ప్రాంతానికి పొగాకు బతుకుదెరువు కూడా. చుట్ట, బీడీ, ఖైనీలకు మద్యం తోడైతే అన్నవాహిక కాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. జీర్ణాశయ కాన్సర్‌కు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఒక కారణమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1994లో ప్రకటించింది. ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్లనే కాన్సర్‌కు కారణంగా చెప్పుకునేవారున్నారు. ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకు, ఎముకలకు రుజువైనట్టు జీర్ణకోశ కాన్సర్‌కు రుజువు కాలేదు.

ఆలస్యం ఎక్కువగా జరిగేది లక్షణాలు మొదలయ్యాకే. ముద్ద గొంతు దిగడం లేదంటే, మొదట అన్నం, తర్వాత జావ కూడా ఆగుతుంటే ‘గ్యాస్’ అని నెలల తరబడి బిళ్లలు మింగుతారు. మలంలో రక్తం పడితే మొలలనుకుని నాటుమందు వాడతారు. అన్నిటికంటే నష్టం కామెర్ల దగ్గర జరుగుతుంది. క్లోమం, పిత్తనాళాల కాన్సర్‌లో నొప్పి లేకుండా కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, మలం తెల్లగా పాలిపోతుంది. పసరు తాగించడం, చేతిమీద కాల్పించడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కనుక పసరుకు పేరొస్తుంది. నాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు పసరుతో తగ్గవు, ఆపరేషన్‌కు వీలున్న రోజులు మాత్రం గడిచిపోతాయి. 40 దాటినవారికి మింగుడుపడకపోయినా, నల్లటి మలం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తగ్గినా ఎండోస్కోపీ లేదా స్కానింగ్ వెంటనే కావాలి.

ముక్క పరీక్షలో కాన్సర్ అని తేలాక చికిత్స వరస నిర్ణయించేది ట్యూమర్ బోర్డు. సర్జన్, కీమో వైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, గాస్ట్రో ఎంటరాలజిస్టు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు కలిసి ఒకే ఫైలు చూస్తారు. జీర్ణకోశ కాన్సర్లలో వరస తప్పితే దిద్దుకోవడం కష్టం. పురీషనాళంలో గడ్డ ముదిరి ఉంటే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి, తర్వాత కోస్తారు. జీర్ణాశయంలో ముదిరిన గడ్డకు ఆపరేషన్‌కు ముందు కొన్ని, తర్వాత కొన్ని కీమో విడతలు ఉంటాయి. మొదటి రోజే కత్తి పట్టిన చోట ఈ అవకాశం పోతుంది. కిడ్నీ జబ్బులున్న ఈ పశ్చిమ మండలాల్లో మరో జాగ్రత్త కావాలి: పిత్తాశయ, అన్నవాహిక కాన్సర్లకు వాడే సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీయగలదు కనుక ముందే క్రియాటినిన్ చూసి మందు మార్చాలా అని బృందం తేల్చుకోవాలి. మలం కోసం పొట్టమీద సంచి పెట్టుకున్నవారికి దాన్ని మార్చడం నేర్పే నర్సు, బరువు పడిపోకుండా చూసే పోషకాహార నిపుణులు, నొప్పికి మార్ఫిన్ రాసే పాలియేటివ్ వైద్యులు కూడా ఈ బృందంలో భాగమే. మన దగ్గర కొరత ఎక్కువగా ఈ చివరివారిదే.

మార్కాపురం నుంచి ఒంగోలు ప్రభుత్వాసుపత్రి దాదాపు 100 కిలోమీటర్లు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. గిద్దలూరువాళ్లకు నంద్యాల, కర్నూలు ఇప్పటికీ దగ్గరి దారే. గుంటూరు–నంద్యాల రైలుమార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2020లో నాట్కో కాన్సర్ కేంద్రం ప్రారంభమైంది. కర్నూలులో రాష్ట్ర కాన్సర్ ఆసుపత్రి, మంగళగిరిలో ఎయిమ్స్, తిరుపతిలో స్విమ్స్‌తోపాటు 2022లో తెరిచిన టాటా ట్రస్టుల ఆసుపత్రి ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం అర్హులకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చు భరిస్తుంది. రానుపోను ఛార్జీలు, పోయిన కూలి రోజులు మాత్రం రోగి కుటుంబం మీదే పడతాయి. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ కాన్సర్ కేంద్రాలు పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. బృందం రాసిన కీమోను ఇంటికి దగ్గర్లో ఎక్కించగలిగితే ఈ భారం తగ్గవచ్చు.

ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి వెళ్లే రోగి రిపోర్టు కాగితాలతో సరిపెట్టుకోకూడదు. ముక్క పరీక్ష స్లైడ్లు, మైనపు బ్లాకు, స్కానింగ్ సీడీ అడిగి తీసుకుని వెంట ఉంచుకోవాలి. కొత్త బృందం వాటిని స్వయంగా చూశాకే చికిత్స మొదలుపెడుతుంది.