పాపసంకీర్తన చరిత్రము

ఆంధ్రదేశపుఁ గతోలికులు తమ దోషములను గురువునెదుటఁ జెప్పి క్షమను బొందెడి విధికిఁ 'బాపసంకీర్తనము' అని పేరిడిరి. సంకీర్తనమనఁగా మనకు భగవద్గుణగానము. అన్నమాచార్యుల కృతులకు నదియే పేరు. దోషము నొప్పుకొనుటకు నీ మాట యెట్లు పొసఁగునని సంశయము గలుగవచ్చును. లాటిను భాషయందును నిట్టి చిత్రమే కలదు. 'కొన్ఫెస్సియో' యను పదమునకుఁ బాపము నొప్పుకొనుట యనియు, దైవమును స్తుతించుట యనియు నర్థద్వయము గలదు. క్రీ. శ. 400 ప్రాంతమున అగస్తీను తన స్వీయచరిత్రమునకు నా పేరిడినపుడు రెండర్థములును అతని మనస్సున నుండెను. తన తప్పును జెప్పువాఁడు దానిని క్షమించువాని దయనుగూడఁ జెప్పుచున్నాఁడు. మన ధర్మశాస్త్రములకును నీ విధానము క్రొత్తది కాదు. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమునఁ బాపవిమోచనసాధనములను లెక్కించుచోట 'ఖ్యాపనము', అనఁగాఁ జేసిన తప్పును వెల్లడించుట, మొదటిదిగాఁ జెప్పఁబడినది.

ఐనను బాపసంకీర్తనము తొలినుండియు నేఁటి రూపముననే యుండెననుట చరిత్రవిరుద్ధము. పాపములను క్షమించు నధికారమును క్రీస్తు తన పునరుత్థానానంతరము శిష్యుల కొసఁగినట్లు యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ యధికారము నొక్క మనుష్యునిపట్ల నెన్నిమాఱులు ప్రయోగింపవచ్చునను ప్రశ్నకు మాత్రము శ్రీసభ యిచ్చిన సమాధానము వెయ్యేండ్లలోఁ బూర్తిగా మాఱినది. ఆ మార్పును జూపుటయే యీ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

జ్ఞానస్నానముచేఁ బూర్వపాపములన్నియు నశించునని తొలికాలపు విశ్వాసము. తరువాతఁ జేసిన ఘోరపాపమునకు గతి యేమి? 2వ శతాబ్దమున రోమునఁ బుట్టిన 'హెర్మసు కాపరి' యను గ్రంథము, అట్టివానికి నొక్కమాఱు మాత్రము పశ్చాత్తాపావకాశము గలదని చెప్పెను. 250వ సంవత్సరమున దేకియసు చక్రవర్తి, ప్రజలు రోమకదేవతలకు బలులర్పించి యధికారులవలన నిదర్శనపత్రములు పడయవలెనని శాసించెను. ప్రాణభీతిచే ననేకులు బలులర్పించిరి. మఱికొందఱు ధనమిచ్చి పత్రములను మాత్రము కొనిరి. ఉపద్రవము తగ్గిన పిదప వీరు తిరిగి సభయందుఁ జేరఁగోరిరి. వీరిని జేర్చుకొనఁగూడదని రోమునందు నొవాతియను వాదించెను. కార్తేజి మేత్రాణులగు సిప్రియను, తప్పిదముల తారతమ్యమునుబట్టి ప్రాయశ్చిత్తము విధించి చేర్చుకొనవచ్చునని 251వ సంవత్సరమున సభఁ గూర్చి నిర్ణయించెను. సిప్రియను పక్షమే నిలిచినది.

ఆ ప్రాయశ్చిత్తము కఠినము. పాపి ప్రజలయెదుటఁ బశ్చాత్తాపుల వర్గమునఁ జేరి, సత్ప్రసాదమునకు దూరుఁడై, నియమితకాలము వేచియుండవలెను. రాజైనను దీనికి లోఁబడవలసినదే. 390వ సంవత్సరమున థెస్సలొనీకయందుఁ బ్రజలను వధింపించిన థియొదోసియసు చక్రవర్తి, మిలాను మేత్రాణులగు అంబ్రోసు మందలింపును విని, రాజచిహ్నములను విడిచి దేవాలయమునఁ బ్రజలముందు విలపించెను. అంతకంటెఁ గష్టమైన దింకొకటి కలదు. ఈ ప్రాయశ్చిత్తము జీవితమున నొక్కసారియే లభించును. పొందినవాఁడు పిమ్మటఁ బలుచోట్ల దాంపత్యమునకును సైన్యోద్యోగమునకును దూరుఁడు కావలెను. అందువలన జనులు దానిని మరణశయ్యవఱకు వాయిదావేయసాగిరి. 506వ సంవత్సరమున గాలుదేశపు అగ్దె సభ, వయోదౌర్బల్యమును దలఁచి యువకులకుఁ బ్రాయశ్చిత్తము సులభముగా నీయరాదని శాసించెను. క్షమకు గౌరవము నిలిచినది కాని, క్షమ కావలసినవాఁడు దానిని జేరలేకపోయెను.

ఈ చిక్కునకుఁ బరిష్కారము రోమునుండి గాక, యూరపు పడమటి యంచుననున్న ఐర్లండు మఠములనుండి వచ్చెను. అచ్చటి మునులు తమ దోషములను 'ఆత్మమిత్రుఁడు' అనఁబడు గురువునకు రహస్యముగఁ దఱచు చెప్పుకొనెడివారు. 6వ శతాబ్దమున ఫిన్నియనును, పిదప 615వ సంవత్సరమున మృతినొందిన కొలంబానును బ్రాయశ్చిత్తగ్రంథములను గూర్చిరి. ఒక్కొక్క పాపమున కింతకాలము రొట్టెయు నీరును మాత్రమే యాహారముగా నుపవాసమని యందుఁ గలదు. ఒకే పాపమునకు గృహస్థునికంటె గురుపదవియందున్నవానికి దండన మెక్కువ. అది ముగిసినపిదపఁ గళంకము లేదు. మరలఁ బడినవాఁడు మరలఁ జెప్పుకొనవచ్చును.

ఈ క్రొత్త పద్ధతి యెదిరింపఁబడకపోలేదు. 589వ సంవత్సరమున స్పెయినునందలి తొలెదో మూఁడవ సభ, పాపము చేసినపుడెల్ల గురువునొద్ద క్షమను వేఁడుట హేయమగు సాహసమని నిందించి, ప్రాచీనక్రమమునే పాటింపుఁడని శాసించెను. 1215వ సంవత్సరమున రోమునఁ గూడిన లాతెరాను నాలుగవ సభయో, తన 21వ శాసనమున, వివేకము వచ్చిన స్త్రీపురుషులెల్లరు నేఁటి కొకమాఱైనను బాపసంకీర్తనము చేయవలెనని విధించెను. దేశసభ నిషేధించినది 626 ఏండ్లకు సర్వసభచే విధియైనది. విన్న రహస్యమును బయలుపెట్టిన గురువును బదవినుండి తొలఁగించి, యావజ్జీవ ప్రాయశ్చిత్తమునకై మఠమునందు నిర్బంధింపవలెననియు నా శాసనమే పలికెను. బహిరంగమైన విధి రహస్యమగుటకు నీ నియమము కోటవంటిది.

సులభక్షమకును దనదైన యపాయము గలదు. ఉపవాసమునకు బదులు ధనదాన మంగీకరింపఁబడుట క్రమముగఁ బాపపరిహారఫలముల విక్రయమునకు దారితీసెను. 1517లో లూథరు ప్రకటించిన 95 ప్రతిపాదనలలో మొదటిది, విశ్వాసి జీవితమంతయుఁ బశ్చాత్తాపమే కావలెననునది. 1551లో త్రెంతు సభ, పశ్చాత్తాపము, పాపోచ్చారణము, పరిహారము నను మూఁడంగములను స్థిరపఱచెను. 1567లో ఐదవ పీయూసు ధనముతో ముడివడిన పరిహారఫలములను రద్దుచేసెను. గురువునకును బాపికిని నడుమ జాలకము గల పీఠమును 1577లో మిలాను మేత్రాణులగు కార్లొ బొర్రొమెయో వర్ణించెను. 1973వ సంవత్సరపుఁ గ్రొత్త విధానమున గురువు నెదురుగఁ గూర్చుండి చెప్పుకొనుటకును వీలు గలిగెను. రహస్యనియమ మించుకయు సడలలేదు.

ఒక్కసారియే యనినవారు క్షమ చౌకయగునని భయపడిరి. పలుమాఱులనినవారు పాపి నిరాశుఁడగునని భయపడిరి. అగ్దె సభనాఁటి స్థితి మొదటివారి పొరపాటును, 1517నాఁటి స్థితి రెండవవారి ప్రమాదమును జూపుచున్నవి. ఐనను సభ మొదటి మార్గమునకు మరలలేదు. డెబ్బది యేడుమాఱులు క్షమింపుమని పేతురునకుఁ జెప్పఁబడిన మాటను మనుష్యులకు విధించి, దైవమునకు మాత్ర మొక్కమాఱను హద్దు గీయుట పొసఁగదుగదా.