కుంగుబాటు మందులు – మోనోఎమైన్ సిద్ధాంతం

కుంగుబాటు, ఆందోళన జబ్బులకు ఇవాళ వాడే మందుల్లో చాలావాటి మూలాలు 1950లలో అనుకోకుండా కంటబడిన సంగతుల్లో ఉన్నాయి. మెదడులో లోపం ఏమిటో తెలుసుకుని మందు చేయలేదు. మందే ముందు దొరికింది. అది మెదడులో చేసే పనిని బట్టి జబ్బుకు కారణం ఊహించారు.

తొలి అడుగు మన దేశంలోనే పడింది. మతి చలించినవారికి నాటువైద్యులు ఇచ్చే సర్పగంధి వేరు గురించి గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో వ్యాసం ప్రచురించారు. అది రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాక విదేశాల చూపు దాని మీద పడింది. స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేసింది. రక్తపోటు కోసం అది వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోయారని వైద్యులు రాశారు. రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సిరొటోనిన్ అనే రసాయనం నిల్వలు తరిగిపోతాయని 1955లో బెర్నార్డ్ బ్రోడీ బృందం చూపింది.

దీనికి సరిగ్గా ఎదురు ఫలితం క్షయ వార్డులో కనిపించింది. న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో 1952లో ఇప్రోనియజిడ్ అనే క్షయ మందు మింగిన రోగులకు ఆకలి పుట్టింది, హుషారు వచ్చింది. వార్డులో నాట్యం చేస్తున్న వారి ఫొటోలు పత్రికలకెక్కాయి. నేథన్ క్లైన్ 1957లో దాన్ని కుంగుబాటు రోగులకు వాడి గుణం చూపించాడు. సిరొటోనిన్, నారడ్రినలిన్ వంటి సంకేత రసాయనాలను మోనోఎమైన్లు అంటారు; వాటిని విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము పేగుల్లోనూ ఉండి చీజ్‌లోని టైరమిన్‌ను విరగ్గొడుతుంది కనుక, ఈ తరహా మందులు వాడుతూ బాగా మాగిన చీజ్ తిన్నవారికి రక్తపోటు ప్రమాదకరంగా ఎగబాకేది.

అదే కాలంలో స్విస్ వైద్యుడు రోలాండ్ కూన్, స్కిజోఫ్రెనియాకు పనికిరాని ఇమిప్రమిన్ కుంగుబాటును తగ్గిస్తుందని గమనించాడు. నాడీకణం వదిలిన నారడ్రినలిన్‌ను అదే కణం మళ్లీ పీల్చుకుంటుందని, ఇమిప్రమిన్ దాన్ని ఆపుతుందని జూలియస్ ఆక్సెల్‌రాడ్ తేల్చాడు. ఈ ముక్కలన్నీ కలిపి 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ నారడ్రినలిన్ కొరతను, 1967లో అలెక్ కాపెన్ సిరొటోనిన్ కొరతను కారణాలుగా ప్రతిపాదించారు.

సిరొటోనిన్‌ను కణం మళ్లీ పీల్చుకోకుండా ఆపే ఫ్లూఒక్సెటిన్‌కు అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. పాతవాటికంటే అది బలమైన మందేమీ కాదు. మోతాదు మించితే ఇమిప్రమిన్ గుండె లయ తప్పించి ప్రాణం తీయగలదు. ఫ్లూఒక్సెటిన్‌తో ఆ ముప్పు చాలా తక్కువ. అసలు మేలు అదే.

ఆందోళన మందులది వేరే దారి. 1955లో మెప్రోబమేట్, లియో స్టెర్న్‌బాక్ కనుగొన్న క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో, 1963లో డయాజెపామ్ బజారుకొచ్చాయి. గంటలోపే ఊరట ఇస్తాయి, అలవాటూ అయిపోతాయి. గుండె దడతో ఉన్నట్టుండి వచ్చే తీవ్ర భయాన్ని ఇమిప్రమిన్ ఆపుతుందని డొనాల్డ్ క్లైన్ 1960లలో చూపాక రెండు జబ్బుల మధ్య గోడ పలచబడింది. ఇప్పుడు రెండింటికీ మొదట రాసేది తరచుగా సిరొటోనిన్ మందులే.

సిద్ధాంతానికి చిక్కు మొదటినుంచీ ఉంది. మందు మింగిన కొన్ని గంటల్లోనే సిరొటోనిన్ పెరుగుతుంది, మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆరోగ్యవంతుల్లో సిరొటోనిన్‌ను ప్రయోగపూర్వకంగా తగ్గించినా వారిలో ఎక్కువమంది కుంగిపోరు. కొరతే కారణమనడానికి నిలకడైన రుజువు లేదని 2022లో జొవానా మోంక్రీఫ్ బృందం రాసినప్పుడు పత్రికల్లో పెద్ద చర్చ నడిచింది. దాన్ని పట్టుకుని మందులే దండగ అనడం తప్పు: 522 పరీక్షలను కలిపి చూసిన 2018 విశ్లేషణలో 21 మందులూ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేశాయి, తేడా మరీ పెద్దది కాకపోయినా. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన ఆలోచనా చికిత్స స్వల్ప, మధ్యస్థ కుంగుబాటుకు మందుతో సమానంగా నిలుస్తుంది.

మత్తుమందు కెటమిన్ కొన్ని గంటల్లోనే దిగులును తగ్గిస్తుందని 2000లో ఒక చిన్న అధ్యయనం చూపింది. అది ప్రధానంగా పనిచేసేది మోనోఎమైన్ల మీద కాదు, గ్లూటమేట్ అనే మరో సంకేత రసాయన వ్యవస్థ మీద. దాని రూపాంతరమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో పిచికారీ చేసే మందుగా అమెరికా 2019లో అనుమతించింది. ఇతర మందులకు లొంగని కుంగుబాటుకు, వైద్య సిబ్బంది కళ్లెదుటే వాడి, కనీసం 2 గంటలు కనిపెట్టి ఉండాలన్న షరతుతో.