ముద్ర లేని కట్‌గ్లాస్ ఏ ఊరిది?

కోదాడ పక్క చిలుకూరులో ఏ పాతింటి అటక మీదో కోతపనితో మెరిసే గాజుబుడ్డి దొరికిందనుకోండి. ముందు అడుగు తిప్పి చూస్తారు. ముద్ర ఉండదు. ‘ఏదో మామూలు సరుకు’ అని పక్కన పెట్టేస్తారు. కానీ పేరుమోసిన కార్ఖానాలు కూడా చాలాకాలం కాగితం చీటీ అంటించే పంపేవి. నాలుగుసార్లు కడిగితే అది ఊడిపోయేది. ఫ్రాన్స్‌లోని బకారా వాళ్లు ప్రతి వస్తువు మీదా ముద్ర వేయడం 1936లో గానీ మొదలుపెట్టలేదు.

కాబట్టి వేలితో తడమాలి. అచ్చులో పోసిన గాజుకు అంచులు మొద్దుగా ఉంటాయి, ఎక్కడో ఒక అతుకు గీత తగులుతుంది. కోసిన గాజు అంచు చురుక్కుమంటుంది. ఇనుప చక్రం మీద ఇసుకా నీళ్లూ పోస్తూ గాడి తీసేవారు. రాతి చక్రంతో నునుపు చేసి, చెక్క చక్రంతో మెరుగు పెట్టేవారు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే గాడిలో ఆ చక్రం నడిచిన సన్నగీతలు కనిపిస్తాయి. యాసిడ్‌తో మెరుగు పెట్టినదైతే ఆ గీతలు కరిగిపోతాయి. అలాంటిదాన్ని రెండు వందల ఏళ్లనాటిదంటే నమ్మకండి.

బరువు చూస్తే ఊరు కొంత తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో జార్జ్ రేవన్‌స్క్రాఫ్ట్ 1674లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో సీసం కలిపిన గాజు బరువు, మెత్తన, లోతుకోతకు లొంగుతుంది. బొహీమియా గాజు పొటాష్, సున్నాలది; తేలిక, గట్టిదనం ఎక్కువ. మీటితే ఖంగుమనాలంటారు గానీ, మందపాటి బుడ్డి సీసం గాజుదైనా మూగగానే ఉంటుంది.

వయసు అడుగంచు చెబుతుంది. ఏళ్ల తరబడి పెట్టి తీసిన గీతలు తలోదిక్కుకూ పోతాయి. అన్నీ ఒకే వరసలో ఉంటే గరుకు కాగితం పనే.

అసలు చిక్కు వాడకం దగ్గర. మెడ లోపల గరుగ్గా అరగదీసి ఉంటే బిరడా పెట్టే సీసా. మూతకు పొడుగాటి గాజుపుల్ల ఉంటే అత్తరుది. గంటలాంటి ఒళ్లు, మెడ చుట్టూ ఉబ్బెత్తు కట్టు ఉంటే హుక్కా బుడ్డి. దాన్ని పూలకుండీ అనుకునేవాళ్లే ఎక్కువ. హుక్కా మనదని బుడ్డీ మనదే అనుకోవద్దు. మన నవాబుల కోసం యూరప్‌లోనూ వీటిని కోసి ఓడలెక్కించేవారు. బర్మింగ్‌హామ్ గాజు కంపెనీ ఆస్లర్ 1840ల్లోనే కలకత్తాలో దుకాణం తెరిచింది. ఆకారం కొన్నవాడి ఊరు చెబుతుంది, కోసినవాడి ఊరు కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దేశీ, విదేశీ గాజు రెండూ ఉన్నాయి. పోల్చుకోవాలంటే బుడ్డి మెడకు, అడుగుకు విడివిడిగా ఫొటోలు తీసి పట్టుకెళ్లండి.