దీపం ఉన్నా ఓడలు ఎందుకు మునిగాయి? ఓ సేబుల్ లైట్‌హౌస్ కథ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తర తీరంలో లేక్ సుపీరియర్ ఉంది. విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతిపెద్ద మంచినీటి సరస్సు ఇది. దీని ఒడ్డున గ్రాండ్ మారే పట్టణానికి సుమారు 12 మైళ్ల పడమర ఓ సేబుల్ లైట్‌హౌస్ ఉంది. దానికి దగ్గర్లోనే, ఇసుకలో కూరుకుపోయిన ఓడల శిథిలాలు కనిపిస్తాయి.

ఎందుకు కట్టారు?

తూర్పున వైట్‌ఫిష్ పాయింట్, పడమర గ్రాండ్ ఐలాండ్. ఈ రెండింటి మధ్య దాదాపు 80 మైళ్ల తీరంలో ఒకప్పుడు ఒక్క దీపం కూడా లేదు. మార్కెట్ అనే రేవు నుంచి ఇనుప ఖనిజం మోసే ఓడలకు ఇదే దారి. ఇక్కడ నీటి కింద ఒక రాతి దిబ్బ ఒడ్డు నుంచి దాదాపు మైలు దూరం లోపలికి సాగుతుంది. కొన్నిచోట్ల దాని మీద నీళ్లు 6 అడుగులే ఉంటాయి. అందుకే సుమారు 87 అడుగుల టవర్ కట్టి, 1874 ఆగస్టులో దీపం వెలిగించారు. 1958లో దాన్ని ఆటోమేటిక్ చేసేదాకా కాపలాదారులు ఇక్కడే ఉండి చూసుకున్నారు.

దీపం ఒక్కటే సరిపోలేదు

ఇక్కడి శిథిలాల్లో మూడు ఓడల పేర్లు ముఖ్యం: మేరీ జరెకీ (1883), సిట్కా (1904), గేల్ స్టేపుల్స్ (1918). మూడూ దీపం వెలిగాక దెబ్బతిన్నవే. ఇసుక దిబ్బల మీది వేడి గాలి, సరస్సు మీది చల్లగాలి కలిస్తే దట్టమైన పొగమంచు కమ్ముకుంటుంది. అప్పుడు ఎంత పెద్ద దీపమైనా కనపడదు. అందుకే తర్వాత ఆవిరితో మోగే హారన్ కూడా పెట్టారు. తుపాను గాలి తీరం వైపు నెడితే మాత్రం, దీపం కళ్లముందు కనిపిస్తున్నా ఓడను తిప్పుకోవడం కష్టమే.

వెళ్లాలనుకుంటే

డెట్రాయిట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది కారులో ఆరేడు గంటల ప్రయాణం. లోయర్ హరికేన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర కారు ఆపి, ఒకటిన్నర మైలు నడవాలి. దారి దాదాపు చదునుగా ఉంటుంది, పిల్లలతోనూ వెళ్లొచ్చు. మధ్యలో ఒడ్డుకు దిగితే ఓడల దుంగలు, వాటిలో దిగ్గొట్టిన ఇనుప మేకులు కనిపిస్తాయి. నీటిమట్టం పెరిగినా, ఇసుక కప్పేసినా కొన్ని కనపడకపోవచ్చు. వేసవిలో టవర్ పైకి తీసుకెళ్లే టూర్లు ఉంటాయి. వేళలు ముందే చూసుకుని బయల్దేరాలి. నీళ్లు వేసవిలోనూ బాగా చల్లగా ఉంటాయి కాబట్టి పిల్లల్ని ఒంటరిగా దిగనివ్వొద్దు.

ఒక్క మేకు కూడా తేవొద్దు

ఇది 1966లో ఏర్పడిన పిక్చర్డ్ రాక్స్ నేషనల్ లేక్‌షోర్‌లో భాగం. గుర్తుగా ఉంటుందని చిన్న చెక్కముక్క తీసుకున్నా నేరమే. నూరేళ్లు దాటినా ఆ దుంగలు ఇంకా అక్కడే ఉన్నాయి. మన తర్వాత వచ్చేవాళ్లకూ అవి కనపడాలంటే ఫొటో తీసుకుని వచ్చేయడమే మంచిది.