దేశిని మెచ్చిన గజసాహిణి

పాట పాడినవారి చరిత్రము మన భాషలో కొంతవరకు వ్రాయబడినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1958లో వెలువడిన పిమ్మట ఆ కొరత చాలవరకు తీరినది. పాట విన్నవారి చరిత్రమునకు మాత్రము అట్టి అదృష్టము పట్టలేదు. ఊరూర తిరిగి విన్నవాడు, తిరునాళ్లలో తెల్లవారువరకు నిలుచుండి చూచినవాడు, చూచినదానిని ఇంటికి వచ్చి వ్రాసి దాచుకొన్నవాడు, వీరందరును సామాన్యముగా పేరులేని మనుష్యులు. రేడియో పెట్టె ముందు కూర్చుండు గృహస్థులతో మాటలాడుటయే వృత్తిగా గల మాకు ఆ విన్నవారి మీదనే మక్కువ యెక్కువ. వారిలో ఒకని పేరును, ఊరును, కాలమును, చేసిన పనియును మనకు దక్కినవి. ఆ ఊరు చేబ్రోలు. ఆ మనుష్యుడు జాయప సేనాని.

గుంటూరు నుండి పొన్నూరు మీదుగా బాపట్లకు పోవు బాటలో చేబ్రోలు తగులును. చెరువు నడుమ నున్న చతుర్ముఖ బ్రహ్మ దేవాలయమును, దానిని కట్టించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారిని ఎరుగనివారు ఆ ప్రాంతమున లేరు. కాని వేంకటాద్రి నాయుడుగారు ఈ ఊరికి నిన్న మొన్నటివారు. శాతవాహన రాజైన విజయుని నాటి సంస్కృత శాసన మొకటి చేబ్రోలు భీమేశ్వరాలయమున బయల్పడినట్లు 2019లో ప్రకటింపబడినది. అది క్రీస్తు శకము 207 నాటిదని పరిశోధకులు నిర్ణయించిరి. చెంబు అనగా రాగి. ప్రోలు అనగా పట్టణము. ఆ పేరునే సంస్కృతీకరించి శాసనకవులు తామ్రపురి యనిరి.

ఈ ఊరికి దేశి కవిత్వముతో నున్న చుట్టరికము జాయపకంటె మున్నూరేండ్లు ముందటిది. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనము తెలుగు పద్యశాసనములలో మిక్కిలి పాతవానిలో నొకటి. అందలి పద్యములు మధ్యాక్కరలు, అనగా దేశి ఛందస్సు. అందు చెప్పబడిన కథ యేమనగా, చేబ్రోలి కుమారస్వామి జాత్రకై బెజవాడకు తరలివచ్చి, తిరిగి పోలేక అచ్చటనే నిలిచిపోయెను. దేవుడే జాత్ర చూడ వచ్చి ఇల్లు మరచిన ఊరివారు పాటలకు, ఆటలకు మరగిరనిన వింత యేమున్నది? బెజవాడలో రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. పాటగాండ్రు పల్లెలనుండి ఆ ఊరికి దారి పట్టుట అప్పుడు క్రొత్తగా మొదలైనది కాదని చెప్పుటకే ఈ మాట.

ఇక జాయప. ఆయన అయ్య వంశీయుడు. కృష్ణ సముద్రమున కలియు చోటనున్న దివిసీమ ఆ వంశమువారిది. కాకతీయ గణపతిదేవుడు, 1199 నుండి 1262 వరకు ఏలినవాడు, వెలనాటిని జయించి దివిని లోబరచుకొనిన పిదప ఆ వంశమును నిర్మూలింపక, వారి యింటి ఆడుబిడ్డలైన నారాంబ, పేరాంబలను పెండ్లియాడెను. వారి తమ్ముడైన జాయపను చేరదీసి, గుండామాత్యునియొద్ద నృత్తకళ నేర్పించెను. యుద్ధమున గెలిచిన రాజు ఓడిన యింటి కుఱ్ఱవానికి నాట్యము నేర్పించుట చిత్రముగా తోచవచ్చును. ఆ కాలపు రాచరికములో అది చిత్రము కాదు. కత్తి నేర్చినవాడు తాళమును గూడ ఎరిగి యుండవలెను. లేనిచో సభలో కూర్చుండుటకు తగడు. కాలక్రమమున జాయప గజసాహిణి యయ్యెను, అనగా కాకతీయుల ఏనుగుదళమునకు అధిపతి. చేబ్రోలు ఆయన ఏలుబడిలోనికి వచ్చెను. 1213 నాటి చేబ్రోలు శాసనమున ఆయన పేరు కలదు. తండ్రియైన చోడుని పేర చేబ్రోలిలో చోడేశ్వరాలయమును కట్టించి, దేవుని సన్నిధిని ఆడుటకు నర్తకీమణులను నియమించి, వారికి ఇండ్లు కట్టించి యిచ్చినట్లు మరియొక శాసనము చెప్పుచున్నది.

ఇంతవరకైన ఆయనను దాతలలో నొక దాతగా తలచి విడువవచ్చును. ఆలయము కట్టించిన సామంతులు ఆంధ్రదేశమున కోకొల్లలు. జాయప చేసిన పని వేరు. 1253-54లో ఆయన ‘నృత్తరత్నావళి’ యను సంస్కృత గ్రంథమును ముగించెను. చేబ్రోలు శాసనమునకును ఈ గ్రంథమునకును నడుమ నలువది యేండ్లు. గ్రంథము ఎనిమిది అధ్యాయములు. మొదటి నాలుగును మార్గము, కడపటి నాలుగును దేశి.

ఈ సగపాలు ఎంత సాహసమో గ్రహింపవలెను. మార్గమనగా భరతాదులు చెప్పినది, శాస్త్రమున నిలిచినది, పెద్దలు ఒప్పినది. దేశి యనగా ఏ సీమకు ఆ సీమలో జనులు తమకు నచ్చినట్లు పాడుకొని ఆడుకొనునది. దేశికి తొలి గౌరవము నిచ్చిన గ్రంథము మతంగుని ‘బృహద్దేశి’. అందు దేశిపాట పాడువారిని లెక్కించునపుడు పసులకాపరియు రాజును ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. జాయప ఆ మాటను నమ్మినవాడు. శాస్త్రము వ్రాయువారు దేశిని చివరి ప్రకరణమున పొడిగా తేల్చివేయు నలవాటు నేటికిని కలదు. ఈ సేనాని మాత్రము వీథులలో చూచినదానికి భరతముని మతమునకు ఇచ్చినన్ని అధ్యాయములే యిచ్చెను.

ఆయన దేశిలో ఎక్కువగా అనుసరించినది కల్యాణి చాళుక్య చక్రవర్తియైన సోమేశ్వరుని. ఆ సోమేశ్వరుని గూర్చి జాయప చెప్పిన ఉదంత మొకటి మాకు మిక్కిలి ప్రీతి. కల్యాణ కటకమున భూతమాత మహోత్సవము జరుగుచుండెను. కూడిన జనములో ఒక స్త్రీ భిల్ల వేషముతో పాడుచు ఆడుచుండెను. చక్రవర్తి ఆమెను చూచెను, కుతూహలముతో నిలిచెను, చూచి మెచ్చెను. మెచ్చి ఊరకుండక ఆ ఆటను ఒక నృత్తముగా నెలకొల్పెను. గొండిని యను పేరునుండి దానికి గౌండలి యను పేరు వచ్చెను. ఆ స్త్రీ పేరు మనకు దక్కలేదు. పండితుల గ్రంథములలో చేరిన యొక నృత్తమునకు మూలము జాత్రలో నాడిన పేరెరుగని ఆడుది యని ఒప్పుకొనుటకు మంచి మనస్సు కావలెను. సోమేశ్వరుడు చూచినందుకు గొప్పవాడు; జాయప దానిని మరువక వ్రాసినందుకు ఇంకను గొప్పవాడని మా యభిప్రాయము.

ఆయన పట్టికలోని పేర్లు చదువుచుండ తిరునాళ్ల సందడి చెవిని బడును. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము, శివప్రియము, చిందు, కందుకము, ఘటిసాని, చారణము, బహురూపము. దండరాసకము మన కోలాటమునకు దగ్గరది; కోలలు తాళమునకు తగులుచుండ గుంపుగా నాడునది. శివప్రియము శివభక్తులు ఆడునది. కందుకము బంతితో నాడునది. చిందు ద్రవిడదేశపు జనుల ఆట. ఆ పేరు తెలంగాణములో చిందు భాగవతులయందు నేటికిని వినబడుచున్నది. పేరణి పురుషులు ఆడునది. కాలి గజ్జెలను కోరినట్లు మ్రోగించుటయు, మ్రోగకుండ నిలుపుటయు అందలి నేర్పు. పేరణికి ఐదంగములు చెప్పబడినవి. వానిలో గీత మొకటి.

ఆ గీతము కడనే చిక్కు వచ్చినది.

జాయప ‘గీతరత్నావళి’, ‘వాద్యరత్నావళి’ యను రెండు గ్రంథములను గూడ రచించెనని పండితులు చెప్పుదురు. ఆ రెండును దొరకలేదు. అనగా ఆనాటి ఆట ఎట్లుండెనో చెప్పు పుస్తకము మిగిలెను. పాట ఎట్లుండెనో, డోలు ఎట్లు మ్రోగెనో చెప్పు పుస్తకములు పోయెను. శాస్త్రమున మూకగౌండలి యను మాట కలదు. గౌండలి ఆడునది తానే పాడవలెను. పాడలేనిచో ఆమెది మూకగౌండలి. ఆ మాట పదమూడవ శతాబ్దపు దేశి మొత్తమునకును వర్తించుచున్నది. కాళ్లు కదలుచున్నవి, కంఠము వినరాదు.

కవుల సాక్ష్యముచే ఈ కొరత కొంత తీరును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగువానిని పేర్కొనెను. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచన శర్మయు టిట్టిభ సెట్టియు ఓరుగంటి వీథులలో దినమంతయు తిరుగుదురు. పలనాటి వీరుల కథ పాడు పడతిని విందురు, జక్కుల పురంధ్రిని విందురు. పనిలేక పాటలవెంట తిరుగు ఆ మిత్రద్వయమే మన సాహిత్యమున తొలి అభిమానులు కావచ్చును. మంచి సాక్షులే. కాని కవి పదము పేరు చెప్పును, పాడినవారి సొగసు చెప్పును, వరుస చెప్పడు. గొబ్బి నేటికిని పాడబడుచున్నది గనుక దాని వరుస ఊహింపవచ్చును. పర్వత పదమును ఎట్లు ఊహింతుము?

నృత్తరత్నావళి మాత్రము ఎట్లు మిగిలెనో కొంచెము చెప్పవలెను. మానవల్లి రామకృష్ణకవిగారు తమ ‘భరతకోశము’న (1951) జాయప వాక్యములను విరివిగా నెత్తి చూపిరి. డాక్టరు వి. రాఘవన్‌గారు మూలమును పరిష్కరింపగా మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము దానిని 1965లో ప్రకటించెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదము 1969లో వచ్చినది. పప్పు వేణుగోపాలరావుగారును యశోదా ఠాకూరుగారును చేసిన ఆంగ్లానువాదము 2013లో వెలువడినది. ఏడువందల యేండ్లకు పైగా తాటాకులలో నిద్రించిన చేబ్రోలి సేనాని ఇట్లు లేచెను. నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును, రామప్పగుడి శిల్పములను దగ్గర నుంచుకొని పేరణిని తిరిగి రంగస్థలము మీద నిలిపిరి. రేచర్ల రుద్రుడు రామప్పగుడిని నిర్మించినదియు 1213లోనే. మన చేబ్రోలు శాసనమునకు అది ఒకే యీడు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. రాతినుండి అంగవిన్యాసము నేర్వవచ్చును. రాయి రాగము పలుకదు.

జాయప తరువాత ఆయనవలె జనుల ఆటపాటలను చెవియొగ్గి వ్రాసి పెట్టినవారు చాలకాలము అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కావ్యములతోపాటు వీథులలో పాడు కథలను గూడ వ్రాయించి దాచెను. ఆయన సేకరణయు మద్రాసులోని ఆ భాండాగారమునకే చేరినది. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధించి 1956లో ఉస్మానియాలో డాక్టరు పట్టము నందిరి. నేదునూరి గంగాధరముగారు పల్లెపాటలను కుప్పలుగా ప్రోగుచేసిరి. వీరి శ్రమకు నమస్కారము. అయినను వీరిలో పెక్కుమంది చేసినది మాటలను పట్టుకొనుట. వింజమూరి సోదరీమణులు, సీత అనసూయలు, పల్లెపాటను వేదికలమీదికిని రేడియోలోనికిని తెచ్చిరి. అనసూయాదేవిగారు పాటలను స్వరపరచి ప్రకటించుటయు జరిగినది. సంగీతసభలకు మాత్రమే పోవు పెద్దలు ఆనాడు ముఖము చిట్లించిరి. ఆ స్వరలిపియే గీతరత్నావళి చేయవలసిన పని యని మేము తలతుము.

చేబ్రోలు ఉన్న గుంటూరు జిల్లాలోనే, పొన్నెకల్లులో, 1920లో షేక్ నాజరు జన్మించెను. తంబురా భుజమున నుంచుకొని, అందియ వ్రేలికి తొడిగి, ఇరుప్రక్కల వంతలతో ఆయన చెప్పిన బుఱ్ఱకథను వినుటకు జనులు బండ్లు కట్టుకొని వచ్చిరి. పల్నాటి యుద్ధము ఆయన నోట వినినవారు మరువరు. ‘పుట్టిల్లు’ (1953) చిత్రమున ఆయన కథ కలదు. 1986లో పద్మశ్రీ వచ్చినది. 1997లో ఆయన గతించెను. జాయప కాలపు గాయకునికి లేని భాగ్యము ఆయనకు కలిగినది. ఆయన కంఠము ఫిలిముమీద మిగిలినది, టేపులమీద మిగిలినది. అందరికిని ఆ భాగ్యము కలుగలేదు. టేపులు కరవైన దినములలో ఒక కార్యక్రమమును చెరిపి దానిమీదనే మరియొకటి ఎక్కించుట ప్రపంచమున అనేక రేడియోలలో జరిగినదే. తాటాకును చెదలు తినిన, టేపును యంత్రము తుడిచెను. ఫలితమున భేదము లేదు.

ఈనాటి యువకులు గిటారు పట్టుకొని పల్లెపదమును క్రొత్త బాణీలో పాడుచున్నారు. హైదరాబాదునందలి చౌరస్తా బృందమువంటివారి పాటలు చేతిలోని టెలిఫోనులోనే లక్షలమంది వినుచున్నారు. అదియు దేశియే, ముఖము చిట్లింప బనిలేదు. సోమేశ్వరుడు జాత్రలో నిలిచి చూచినట్లు మేమును నిలిచి వినుచున్నాము. వారి పాటలు ఎన్ని చోట్లనో అచ్చుపడియున్నవి గనుక వాని విషయమున భయము లేదు.

భయము చేలలోని పాటలను గూర్చియే. కృష్ణ పడమటి డెల్టాలో వరినాట్లు కూలిస్త్రీల పాటలతో సాగెడివి. ఒకతె యెత్తుకొన, తక్కినవారు అందుకొనెడివారు. విత్తనము వెదజల్లు పద్ధతియు, యంత్రములును వచ్చిన తరువాత నాట్లు తగ్గినవి. నాట్లతోపాటు పాటకు సందర్భమును తగ్గినది. ఆ పాటలకు కర్త పేరు లేదు, పుస్తకము లేదు. వానిని పాడినవారు చేబ్రోలు, పొన్నూరు, తెనాలి చుట్టుపట్ల ఇండ్లలో ఇంకను ఉన్నారు. వారిలో పెద్దవారికి ఎనుబది యేండ్లు దాటినవి.